ఏమీ కనబడని స్కాన్

నేను రిటైరయ్యాక మా ఇంటికి వచ్చే కుర్ర టెక్నీషియన్లు తరచుగా ఒకటే అడుగుతారు. ఇన్నేళ్ళలో మీరు తీసిన స్కాన్లలో మరిచిపోలేనిది ఏదని. పుస్తకాల్లో కూడా లేని కణితి గురించో, తలలో దిగిన మేకు గురించో చెబుతానని ఆశగా కుర్చీలు ముందుకు జరుపుకుంటారు. అలాంటివీ చూశాను. కానీ నా మనసులో నిలిచిపోయింది ఏమీ కనబడని స్కాన్. ఒక ఆదివారం పగటిపూట, మాట పడిపోయి వచ్చిన మనిషికి తీసిన తల స్కాన్. తెర మీద మెదడు ఏ తేడా లేకుండా మామూలుగా ఉంది. అది చూసి నేను కంట్రోల్ గదిలో ఒక్కణ్ణే చప్పట్లు కొట్టాను. అద్దం అవతల నుంచి మా హెడ్ నర్సు, ఈయనకేమైందిరా దేవుడా అన్నట్టు చూసింది.

ఎందుకు కొట్టానో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఉద్యోగం మొదట్లో కడపలో ఒక చిన్న స్కానింగ్ సెంటర్లో పనిచేశాను. అక్కడికి వచ్చే పక్షవాతం కేసులన్నీ ఒకే తీరుగా ఉండేవి. మనిషి పడిపోయిన రెండో రోజో, మూడో రోజో వచ్చేవాళ్ళు. స్కాన్ తీస్తే మెదడులో ఒక పక్క నల్లగా, మబ్బు పట్టినట్టు మచ్చ కనబడేది. రక్తం అందక చచ్చిపోయిన భాగం అది. ఒకసారి అలా నల్లబడ్డాక దాన్ని తిరిగి బతికించే మందు లేదు. ఫిల్మ్ కవర్లో పెట్టి ఇవ్వడం, డాక్టరుగారు కసరత్తులు చేయించండి అని చెప్పడం, అంతే.

వాళ్ళలో ఎర్రగుంట్ల వైపు నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు ఉన్నాడు. ఇంకా నలభై దాటని మనిషి. సిమెంటు లోడు కోసం ఫ్యాక్టరీ బయట వరసలో ఉన్నప్పుడు స్టీరింగు మీదికి ఒరిగిపోయాడట. ఎండాకాలం కదా, తోటి డ్రైవర్లు వడదెబ్బ అనుకున్నారు. లారీ నీడలో పడుకోబెట్టి, తల మీద నీళ్ళు చల్లి, మజ్జిగ తాగించారు. సాయంత్రానికి ఇంటికి చేర్చారు. ఇంట్లోవాళ్ళు మర్నాడు పక్షవాతానికి ఆకుపసరు పోసే ఊరికి తీసుకెళ్ళారు. అక్కడ ఎవరో పావురం రక్తం పూయమంటే అదీ పూశారు. మా దగ్గరికి వచ్చేసరికి పడిపోయిన చేయి మీద రక్తం ఎండిపోయి అట్టకట్టి ఉంది. వాళ్ళలో ఎవరిదీ తప్పనలేను. ప్రతి ఒక్కరూ ప్రేమతోనే ఏదో ఒకటి చేశారు. అందరూ కలిసి, ఉన్న కాస్త సమయాన్నీ వాడేశారు.

ఆ డ్రైవరుకు తర్వాత ఒకే ఒక్క మాట మిగిలింది. "సరే." నీళ్ళు కావాలా అంటే సరే. నొప్పిగా ఉందా అంటే సరే. మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆయన భార్య, ఏమయ్యా బతకాలని ఉందా లేదా అని విసుగ్గా అడిగింది. దానికీ "సరే" అన్నాడు. ఆమె నవ్వబోయి ఏడ్చింది. నేను లోపలికి వెళ్ళి మిషను తుడిచినట్టు నటిస్తూ నిలబడ్డాను.

తర్వాత కర్నూలులో ఒక ఆసుపత్రిలో చేరాను. పేరు చెప్పను, అందులో ఎవరి పేర్లూ చెప్పను. మంచివాళ్ళు కూడా పేరు కనబడితే ఫోన్ చేసి కొట్లాడతారు. నా ఉద్యోగం చివరి సంవత్సరాల్లో అక్కడికి ఒక నరాల డాక్టరమ్మ వచ్చింది. కోస్తా వైపు ఆవిడ. మా "రాల్యా", "పోల్యా" అంటే రాలేదు, పోలేదు అని అర్థం కావడానికే ఆమెకు కొన్నాళ్ళు పట్టింది. ఆమెకు ఒకటే పట్టుదల. పక్షవాతంలో రెండు రకాలు. ఒకటి మెదడులో రక్తనాళం చిట్లడం, రెండోది నాళంలో గడ్డ అడ్డుపడటం. రెండో రకానికి గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. కానీ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. అందులోనూ ఎంత ముందిస్తే అంత మేలు. ముందు ఇది ఏ రకమో తేల్చాలి, నాళం చిట్లినవాడికి ఆ ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం తీసినట్టే. తేల్చేది స్కాన్. కాబట్టి మొత్తం వ్యవహారం నా గది గుమ్మం మీదుగా నడవాల్సిందే.

నాళం చిట్లి కారిన రక్తం స్కాన్లో తెల్లగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. గడ్డ అడ్డుపడిన మెదడు మాత్రం మొదటి గంటల్లో దాదాపు మామూలుగానే ఉంటుంది. నల్లబడటం తర్వాత సంగతి. అంటే చెయ్యి పడిపోయి, మాట పోయి వచ్చిన మనిషి స్కాన్లో ఏమీ కనబడకపోతే, అది ఇంకా చావని మెదడు. ఇంకా చేయాల్సింది ఉంది అని దాని అర్థం. డాక్టరమ్మ ఇది నాకు చెప్పినప్పుడు నేను లెక్కలేనన్ని తల స్కాన్లు తీసినవాణ్ణి. అయినా అలాంటి స్కాన్ ఒక్కటి కూడా చూసినట్టు గుర్తు రాలేదు. అందరూ మచ్చ పడ్డాకే వచ్చారు.

ఆమె మా అందరితో రిహార్సల్ మొదలుపెట్టింది. పేషెంటు వేషం నాకే పడింది, అందరిలోకీ బరువైనవాణ్ణని. నన్ను స్ట్రెచర్ మీద పడుకోబెట్టి గేటు దగ్గర నుంచి స్కానింగ్ గదికి తోసుకొచ్చారు. మొదటిసారి వరండా మలుపులో స్ట్రెచర్ తిరగలేదు. క్యాంటీన్ వాళ్ళ కూల్‌డ్రింకుల ఫ్రిజ్ అడ్డం. నేను పడుకునే ఉన్నాను, వాళ్ళు నా తల మీదుగా వాదించుకుంటున్నారు. ఆ ఫ్రిజ్ ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉంది, మేమంతా దాని పక్క నుంచే రోజూ తిరిగాం, ఎవరికీ అది అడ్డమని తోచలేదు. మా హెడ్ నర్సు కడప మనిషి, మాటకు ముందు పని చేసే రకం. ఇద్దర్ని పిలిచి ఫ్రిజ్‌ను అప్పటికప్పుడు బయట చెట్టు కిందికి జరిపించింది. క్యాంటీన్ ఆయన పరుగెత్తుకొచ్చి కరెంటు యాడ నుంచి ఇస్తారక్కా అని అడిగితే, "నీ ఫ్రిజ్ సల్లగుండాలనా, మనిషి బతకాలనా ముందు అది చెప్పప్పా" అంది. ఆయన ప్లగ్గు తీగ చుట్టుకుంటూ వెళ్ళాడు. ఫ్రిజ్ మాత్రం చెట్టు కిందే ఉండిపోయింది.

రెండోసారి లిఫ్టు రాలేదు. మూడోసారి అన్నీ కుదిరాయి కానీ చీటీ రాసేవాడు టీకి వెళ్ళాడు. దాంతో ఈ కేసులకు చీటీ తర్వాత, మనిషి ముందు అని తీర్మానించారు. అంతా సిద్ధమయ్యాం. కానీ పేషెంట్లు రాలేదు. అంటే, వచ్చారు, ఎప్పటిలాగే మర్నాడు వచ్చారు. డాక్టరమ్మ ప్రతివాళ్ళనూ ఒకే ప్రశ్న అడిగేది. ఈయన బాగుండగా చివరిసారి మీరు చూసింది ఎప్పుడు అని. ఒకరు పొద్దున అంటే, ఇంకొకరు నిన్న అన్నం తినేటప్పుడు అనేవారు. ఆమె ముఖం వాడిపోయేది.

ఆ రోజుల్లో నేను ఎక్కడ కూర్చున్నా ఇదే చెప్పేవాణ్ణి. పెళ్ళిలో పంక్తిలో, బస్టాండులో. మూతి వంకర పోయిందా, చెయ్యి నిలబడటం లేదా, మాట తడబడుతోందా, వీటిలో ఏదైనా ఒక్కసారిగా వస్తే ఆలోచించొద్దు, స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి పరుగెత్తండి అని. మా చెల్లెలు కోడుమూరుకు అవతల మా సొంత ఊళ్ళోనే ఉంటుంది. కూలీ పని, కొంచెం మెట్టచేను. ఒకసారి అన్నం పెడుతూ, "అన్నా, కూరలో ఉప్పు సరిపాయెనా అని గూడ అడగనియ్యవు. మూతి, చెయ్యి, మాట అంటావు" అని విసుక్కుంది. విసుక్కున్నా వింది. అది నాకు ఆ ఆదివారం తెలిసింది.

ఆదివారాలు నాకు తరచుగా డ్యూటీ పడేది. మాది తాతల కాలం నుంచి గుడికి, అంటే చర్చికి, వెళ్ళే కుటుంబం కనుక ఇంట్లో అది బాధ. ఆ రోజు ఏప్రిల్ ఎండ. స్కానింగ్ గదిలో రెండు ఏసీలుంటే ఒకటి పొద్దుననే ఆగిపోయింది. ఉన్న ఒక్కదానితో మిషను ముక్కుతూ మూలుగుతూ పనిచేస్తోంది. అప్పుడు చెల్లెలి ఫోన్ వచ్చింది. వెనక నుంచి పెద్దగా ప్రార్థన వినబడుతోంది.

"అన్నా, అయ్యగారు వాక్యం చెప్తా చెప్తా ఉండి మాట తిరగబడిపాయె. ఏం చెప్తాండాడో ఒక్క ముక్క అర్థం కాల్యా. పరిశుద్ధాత్మ దిగొచ్చిందని అందరూ స్తోత్రాలు చెప్తాండారు. నాకు భయమైతాంది."

మా ఊరి గుడిలో పాస్టరుగారిని అయ్యగారంటారు, ఆయన భార్యను అమ్మగారంటారు. యాభై దాటిన మనిషి. ఆయన గొంతు ఎలాంటిదంటే మైకు చెడిపోయిన రోజు కూడా వెనక వరసలో ముసలమ్మలకు నిద్ర పట్టనిచ్చేది కాదు. ఆ గొంతే ఆయన జీవనం.

మూతి ఎలా ఉందని అడిగాను. కుడిపక్క జారిపోయిందంది. రెండు చేతులూ ఎత్తమని చెప్పమన్నాను. ఆ తర్వాత తెలిసింది, ఆడవాళ్ళ చాపల దగ్గర నుంచి జన్మలో ఒకసారైనా ముందుకు రాని మా చెల్లెలు ఫోన్ చెవికి పెట్టుకుని నేరుగా వేదిక ఎక్కేసింది. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంటే ఈమె అయ్యగారి ఎదుట నిలబడి రెండు చేతులూ తనే ఎత్తి చూపించింది.

"ఎడమది నిలబడింది. కుడిది దిగిపోతాంది అన్నా."

"ఎప్పటి నుంచి?"

"ఇప్పుడే. పాట అయిపోయినాక లేచి బాగనే మాట్లాడినాడు. గుడిలో అందరం ఇన్నాం."

డాక్టరమ్మ ఇన్నాళ్ళుగా ఎవరినడిగినా దొరకని జవాబు అది. ఈ మనిషిని చివరిసారి బాగుండగా ఊరంతా చూసింది, విన్నది, పాట కూడా పాడింది.

ఫోన్ సంఘ పెద్దకు ఇమ్మన్నాను. వరసకు నాకు మేనమామ. ఆయన నిదానంగా చెప్పాడు. అయ్యగారు ఉపవాసాలుంటున్నాడు, నీరసం, కొంచెం కాఫీ తాగించి పండబెడతాం, తగ్గకపోతే రేపు పసరు పోసే ఊరికి తీసుకెళ్తాం, మా అన్నకు అక్కడే బాగయింది అని. కాఫీ కాదు కదా, నీళ్ళు కూడా వద్దన్నాను, గుటక సరిగా పడక ఊపిరికి అడ్డం పోతుందని. ఇప్పుడే బండెక్కించమన్నాను.

"ప్రార్థన మధ్యలో ఎట్ల లేస్తాం అల్లుడా? దేవుడు ఈడ లేడా?"

"ఉండాడు మామా. స్కానింగు మిషను మాత్రం కర్నూల్లోనే ఉండాది. ప్రార్థన వద్దంటల్యా, కార్లో చెయ్యండి. ఆయన కార్లోకి గూడ వస్తాడు."

మామ ఫోన్ చెల్లెలికి ఇచ్చేసినట్టున్నాడు, ప్రార్థన చప్పుడు దగ్గరైంది. మామకు కోపమొచ్చిందని అర్థమైంది. అప్పుడు ఒక ఆడగొంతు, పెద్దగా కాదు, "లేపండి" అంది. అమ్మగారు. తర్వాత ప్రార్థన ఆగిపోయింది, చాపల మీద జనం లేచిన అలికిడి వినబడింది.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే అది వేరే కేసుతో దూరంగా ఉంది. గుడికి ఎదురింట్లో ఒక పెద్ద రైతు ఉన్నాడు. ఎప్పుడూ గుడి మెట్లెక్కిన మనిషి కాదు, ఎక్కాల్సిన పనీ లేదు. పైగా పంచాయతీ ఎలక్షన్ల దగ్గర నుంచి ఆయనకూ మా మామకూ మాటల్లేవు. మా చెల్లెలు ఆయన గేటు తోసుకుని పోయి సంగతి చెప్పింది. ఆయన బనీను మీదే కారు తాళం చేత పట్టుకుని వచ్చాడు. అయ్యగారిని, అమ్మగారిని, మా చెల్లెల్ని, మామను ఎక్కించుకుని బయలుదేరాడు. అయ్యగారు వట్టి కాళ్ళతోనే కారెక్కాడు.

ఇక్కడ నేను డాక్టరమ్మకు, హెడ్ నర్సుకు చెప్పాను. డాక్టరమ్మ ఇంట్లో ఉంది, వస్తున్నానంది. ఆమె ఫోన్ పెట్టేసిన మరుక్షణం మిషను తెర మీద వేడి ఎక్కువైందని హెచ్చరిక వచ్చింది.

ఈ మిషన్ల సంగతి ఈ పనిలో ఉన్నవాళ్ళకు తెలుసు. వేడి మితిమీరితే తనంతట తానే ఆగిపోతుంది. అలా ఆగితే మళ్ళీ ఎప్పుడు లేస్తుందో దాని దయ. ముందే మనం ఆపి, చల్లబరిచి, మళ్ళీ వేసుకుంటే పనిచేయవచ్చు. వేసినప్పుడు లేవకపోతే? కారు వచ్చేసరికి నా చేతిలో చచ్చిన మిషనుంటుంది. డాక్టరమ్మ రాగానే ఇదే అడిగింది, ఆపితే కచ్చితంగా మళ్ళీ వస్తుందాండీ అని. రాకపోవచ్చు కూడా మేడం, ఆపకపోతే మాత్రం వాళ్ళు వచ్చే టైముకే పోతుంది అన్నాను. ఆమె ఒక్క క్షణం నా ముఖం చూసి ఆపేయండి అంది.

ఆపేశాను. హెడ్ నర్సు నర్సుల గదిలోని ఫ్యాన్లు, ఆఫీసులోని ఎయిర్ కూలర్ అన్నీ ఎత్తించుకొచ్చి గది నిండా పెట్టించింది. ఆఫీసాయన తన కూలర్ వెనకాలే నడిచి వచ్చి, విషయం విని, కూలర్లో నీళ్ళు తనే పోశాడు. కడుపునొప్పి స్కాన్ కోసం బయట ఉన్న ఒక పెద్దాయన కొడుకు, మేం ముందొచ్చినాం కదా అని గొణిగాడు. ఆ పెద్దాయనే కొడుకును మందలించి, నాది నిన్నటి నొప్పి, రేపు గూడ ఉంటాది, ముందు వాళ్ళది కానియ్యి అన్నాడు.

దారిలో చెల్లెలి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. కోడుమూరులో రైతుకు తెలిసిన డాక్టరున్నాడట, ఒకసారి చూపించి పోదామా అంటున్నారంది. అక్కడ స్కానింగ్ లేదు, ఆపకుండా రమ్మన్నాను. తర్వాత ఆమే చెప్పింది, కోడుమూరు దాటేదాకా మామ నా మీద కోపంతో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడట. దాటాక రోడ్డు మీదికి గొర్రెల మంద వచ్చింది. అప్పుడు మామ వెనక సీట్లోంచి, "ఎడమకు కొట్టు, మందకు ఆ పక్కన సందుండాది" అన్నాడు. ఎలక్షన్ల తర్వాత వాళ్ళిద్దరి మధ్య మొదటి మాట అదే. రైతు ఎడమకు కొట్టాడు.

నేను మిషను మళ్ళీ ఆన్ చేసినప్పుడు నా వెనక నలుగురు నిలబడి ఉన్నారు.  అది మామూలుగా ఎంతసేపు తీసుకుంటుందో అంతే తీసుకుని ఉంటుంది, నాకు మాత్రం ఉద్యోగమంతా మళ్ళీ చేసినట్టనిపించింది. తెర వెలిగింది. ఆఫీసాయన, లేచింది లేచింది అని తన ఎద్దు లేచినంత సంబరపడ్డాడు.

కారు గేటు దగ్గర ఆగగానే స్ట్రెచర్ సిద్ధంగా ఉంది. హెడ్ నర్సు నడుస్తూనే వేలు గుచ్చి షుగర్ చూసింది. షుగర్ బాగా పడిపోయినా మనిషి ఇలాగే అవుతాడు, అది కాదని తేల్చుకోవాలి. వరండా మలుపు దగ్గర స్ట్రెచర్ ఆగకుండా తిరిగింది. అయ్యగారి కళ్ళు నన్ను గుర్తుపట్టాయి. నోరు తెరిచాడు, ఏదో చప్పుడు వచ్చింది, అది మాట కాదని ఆయనకే తెలిసింది. వాక్యం చెప్పే మనిషి కళ్ళలో అంత భయం నేను ఎప్పుడూ చూడలేదు. ఎడమ చేత్తో నా చొక్కా పట్టుకున్నాడు. ఆ చెయ్యి నెమ్మదిగా విడిపించి బల్ల మీద సర్దాను.

తర్వాత స్కాన్. ఒక్కో ముక్కగా చిత్రాలు రావడం మొదలైంది. ముందు తెలుపు కోసం వెతికాను, ఎక్కడా లేదు. తర్వాత నలుపు కోసం. అదీ లేదు. చివరి చిత్రం దాకా వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి చూశాను. మెదడు మామూలుగా ఉంది. ఆ లారీ డ్రైవరు దగ్గర నుంచి ఇప్పటిదాకా ఎవరికీ దొరకనిది ఈయనకు దొరికింది. అప్పుడే చప్పట్లు కొట్టాను. డాక్టరమ్మ వచ్చి నా భుజం మీదుగా చూసి, "రక్తం లేదు. మచ్చ లేదు. టైములో ఉన్నాం" అంది.

కానీ బీపీ ఎక్కువగా ఉంది. అది దిగకుండా ఇంజెక్షన్ ఇవ్వకూడదు. దించే మందు ఎక్కిస్తూ, ఈలోగా డాక్టరమ్మ అమ్మగారిని లోపలికి పిలిచి చెప్పింది. ఈ ఇంజెక్షన్ గడ్డను కరిగించవచ్చు, మాట, చెయ్యి తిరిగి రావచ్చు. కొందరిలో మాత్రం ఇదే మెదడులో రక్తస్రావం తెచ్చి ప్రాణం మీదికి వస్తుంది. ఇవ్వకపోతే చాలావరకు ఈ చెయ్యి, ఈ మాట ఇలాగే ఉండిపోతాయి. మీరు ఒప్పుకుంటేనే ఇస్తాను, ఆలోచించుకోవడానికి ఎక్కువసేపు ఇవ్వలేను అని.

 బయట మామను, రైతును పిలవమంటారా అని అమ్మగారిని అడిగాను. వద్దంది. భర్త వంక చూసింది. ఆయనకు మేం మాట్లాడేదంతా అర్థమవుతోంది, చెప్పలేడు, అంతే. తర్వాత నా వైపు తిరిగింది.

"నీ తమ్ముడైతే ఏం చేస్తావు నాయనా?"

"ఇప్పిస్తా అమ్మగారూ."

ఆమె భర్త మీదికి వంగి, "ఇస్తారంట. నేను సరే అంటాండా. నీకు ఇష్టమైతే నా చెయ్యి పిసుకు" అంది. ఆయన ఎడమ చేత్తో ఆమె చెయ్యి పిసికాడు. వేళ్ళు తెల్లబడేంత గట్టిగా.

బీపీ దిగింది. ఇంజెక్షన్ స్కానింగ్ బల్ల మీదే మొదలుపెట్టారు. కొంచెం ఒకేసారి ఎక్కించి, మిగతాది నెమ్మదిగా గంటసేపు ఎక్కిస్తారు. తర్వాత వార్డుకు మార్చారు. నా పని అయిపోయింది, నేను నా గదికి పోవాలి. పోలేదు. కడుపునొప్పి పెద్దాయన స్కాన్ తీసి, మళ్ళీ వార్డు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాను. మామ, రైతు ఒకే బెంచీ మీద కూర్చుని ఉన్నారు. రైతు బనీను మీద మామ తన కండువా కప్పి ఉన్నాడు, ఆసుపత్రి ఏసీకి.

మందు ఇంకా ఎక్కుతుండగానే అయ్యగారి కుడి చేతి వేళ్ళు దుప్పటి మీద కదిలాయి. హెడ్ నర్సు చూసింది, నోరు మెదపకుండా డాక్టరమ్మకు కళ్ళతో చూపించింది. కాసేపటికి పెదాలు కదిలాయి.

"చెప్పు," అన్నాడు.

డాక్టరమ్మ వంగి, చెప్పండి అయ్యగారూ, వింటున్నాం అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "చెప్పు," అన్నాడు మళ్ళీ. ఏం చెప్పాలి, ఎవరు చెప్పాలి, ఎవరికీ అర్థం కాలేదు. మామ తలుపు దగ్గర నుంచి, దేవుని మేలుకు సాక్ష్యం చెప్పమంటాండాడేమో అన్నాడు. అయ్యగారికి విసుగొచ్చింది. ఊపిరి గట్టిగా పీల్చుకుని, ముద్ద ముద్దగానైనా ఒక్కో అక్షరం పేర్చి అడిగాడు.

"నా... చెప్పులు... యాడ?"

గుడి బయట విడిచినవి. ఎవరూ తేలేదు. అమ్మగారు ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు, రెండూ కలిసే వచ్చినట్టున్నాయి. మా చెల్లెలు మాత్రం బయటికి పోయి ఊరికి ఫోన్ చేసి, అయ్యగారి చెప్పులు తీసి లోపల పెట్టండి అని చెప్పింది. ఊరికి మొదట చేరిన వార్త అదే. దాన్నిబట్టే మనిషి బాగున్నాడని అందరికీ అర్థమైంది.

మర్నాడు మళ్ళీ స్కాన్ తీశాం. రక్తం లేదు. కొన్ని రోజులకు ఆయన తన కాళ్ళ మీదే ఇంటికి వెళ్ళాడు. కుడి చేతిలో కొంచెం మందం, కొన్ని మాటల దగ్గర తడుముకోవడం మిగిలాయి.

మీలాంటి పిల్లలకు అబద్ధం చెప్పకూడదు. ఆ తర్వాత టైముకు వచ్చిన వాళ్ళందరికీ ఇలాగే జరగలేదు. ఇంజెక్షన్ ఇచ్చినా చెయ్యి రానివాళ్ళున్నారు, ఒకరిని పోగొట్టుకున్నాం కూడా. కానీ జనం రావడం మొదలైంది. మా ఊరి చుట్టుపక్కల నుంచి ఎవరికి మూతి తేడా వచ్చినా కారు నేరుగా కర్నూలు వైపే తిరిగేది. ఒకాయనకు పంటినొప్పితో బుగ్గ వాచినా తీసుకొచ్చారు. హెడ్ నర్సు తిట్టబోతే డాక్టరమ్మ ఆపింది. ఇలాంటివాళ్ళు పదిమంది వచ్చినా పర్వాలేదు, మర్నాడు ఒక్కరు కూడా రాకూడదు అంది. మా మామ పసరు పోసే ఊరి గురించి ఇప్పటికీ మంచిగానే చెబుతాడు. ముందు స్కాను, తర్వాత పసరు అంటాడు. ఆ మాత్రం మార్పు చాలు నాకు.

మీలో ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకు చెప్పేది ఇంతే. మనం రోగిని తాకేది బల్ల మీద సర్దేటప్పుడు మాత్రమే. మనది డాక్టరు పని కాదు, నర్సు పనీ కాదు. కానీ మీ గదికి వచ్చే దారిలో ఏముందో ఒకసారి స్ట్రెచర్ మీద పడుకుని చూడండి. ఇంటికి పోయినప్పుడు అన్నం దగ్గర విసుగొచ్చేలా చెప్పండి. ఎవరు వింటున్నారో మీకు తెలియదు.

అయ్యగారు మళ్ళీ వాక్యం చెప్పే ఆదివారం నేను సెలవు పెట్టి ఊరికి వెళ్ళాను. గుడి నిండిపోయింది. ఎదురింటి రైతు లోపలికి రాలేదు గానీ వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. అయ్యగారు వేదిక ఎక్కి మొదలుపెట్టాడు. ముందుకంటే నిదానం, గొంతు మాత్రం అదే. వెనక వరసలో ముసలమ్మలు నిద్రపోలేదు. సగం దాకా బాగానే సాగింది. ఒక వాక్యం మధ్యలో ఆయన ఉన్నట్టుండి ఆగిపోయాడు. ముఖం కిందికి వంచాడు.

గుడి మొత్తం ఒక్కసారిగా లేచి నిలబడింది. మా మామ అప్పటికే వేదిక మీద ఉన్నాడు. మా చెల్లెలు రెండు చేతులూ పైకెత్తి అయ్యగారికి చూపిస్తోంది. అయ్యగారు తలెత్తి అందరినీ చూశాడు.

"కూకోండప్పా. మాట యాడికీ పోల్యా. కండ్లద్దాలు యాడ పెట్టినానో ఎతుక్కుంటాండా."

జనం నవ్వుతూ కూర్చుంటున్నారు. బయట మాత్రం కారు స్టార్టయిన చప్పుడు వినబడింది.